జాబితాలో ఉన్నారు, సంఘంలో లేరు

ఏ వృత్తి సంఘం వార్షిక సర్వసభ్య సమావేశానికి వెళ్ళినా కార్యదర్శి నివేదికలో ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది: మన సభ్యుల సంఖ్య నిరుటికన్నా పెరిగింది. హాల్లో ఉన్న కొద్దిమందీ చప్పట్లు కొడతారు. ఆ మాట అబద్ధమేమీ కాదు. జీవిత సభ్యత్వం మీద నడిచే సంఘంలో ఆ అంకె తగ్గే వీలే లేదు. ఒకసారి డబ్బు కట్టి చేరిన మనిషి పేరు జాబితాలోంచి పోవాలంటే తను రాజీనామా అయినా రాసివ్వాలి, తను పోయిన సంగతి ఎవరైనా వచ్చి ఆఫీసులో అయినా చెప్పాలి. పనిగట్టుకుని రాజీనామా ఇచ్చేవాళ్ళు అరుదు. చావు కబురు చుట్టాలకు వెళుతుంది, బ్యాంకుకు వెళుతుంది. సంఘానికి మాత్రం వెళ్ళదు.

వృత్తి సంఘాల సభ్యత్వ రికార్డులు సరిచూడటం, వాళ్ళు పంపే మెసేజీలు నిజంగా ఎంతమందికి అందుతున్నాయో లెక్కగట్టడం చాలాకాలంగా నా పని. డాక్టర్లు, ఇంజనీర్లు, ఆర్కిటెక్టులు, ఫార్మసిస్టులు, ఎవరి సంఘమైనా నాకు మొదట చూపించేది ఆ పెరుగుతున్న అంకెనే. దాన్ని చూసుకుని నిశ్చింతగా ఉన్న సంఘాల గురించే నా భయమంతా.

ఈ భయానికి ఆధారం అమెరికాలో పాతికేళ్ళ కిందటే దొరికింది. హార్వర్డ్ ప్రొఫెసర్ రాబర్ట్ పట్నమ్ 2000లో వెలువడిన తన ‘బౌలింగ్ అలోన్’ పుస్తకం కోసం ఎనిమిది పెద్ద వృత్తి సంఘాల లెక్కలు బయటికి తీశాడు. చాలావాటిలో సభ్యుల సంఖ్య దశాబ్దాలపాటు పెరుగుతూనే వచ్చింది. ఆ వృత్తిలో మొత్తం ఎంతమంది ఉన్నారు, వాళ్ళలో సంఘంలో ఉన్నది ఎందరు అని భాగించి చూస్తే మాత్రం గీత 1960ల దాకా పైకెక్కి, ఆ తర్వాత దిగడం మొదలుపెట్టింది. సంఘం పెరిగిన దానికన్నా వృత్తి వేగంగా పెరిగింది. సంఘాలు పైనున్న అంకె చూసుకున్నాయి గాని కింద భాగించాల్సిన అంకె చూసుకోలేదు.

ఆ ఎనిమిదిలో అందరికీ తెలిసింది అమెరికన్ మెడికల్ అసోసియేషన్. 1950ల తొలినాళ్ళలో ఆ దేశపు డాక్టర్లలో నాలుగింట మూడొంతులమంది అందులో ఉండేవాళ్ళు. ఇప్పుడు తక్కువ రుసుముతో చేరే విద్యార్థుల్ని కలుపుకున్నా పావు వంతుకు మించరు; వాళ్ళను తీసేస్తే ఇంకా తక్కువ. అయినా ఆ సంఘం దివాలా తీయలేదు, పైపెచ్చు సంపన్నంగా ఉంది. ఎలాగంటారా? దాని ఆదాయంలో సభ్యుల చందా పదో వంతు కూడా కాదు. ఆస్పత్రి బిల్లుల్లో వాడే వైద్య సేవల కోడ్‌ల మీద హక్కు దానిదే. ఆ రాయల్టీ ఏటా కోట్ల డాలర్లు తెస్తుంది. సభ్యులు వెళ్ళిపోయినా సంఘం బతకగలదు అనడానికి అది రుజువు. మన దగ్గర ఏ సంఘానికీ అలాంటి ఆస్తి లేదు కాబట్టి దాన్ని చూసి ధైర్యం తెచ్చుకోకూడదు.

ఇక మన లెక్క. ఇండియన్ మెడికల్ అసోసియేషన్ (ఐఎంఏ) 1928లో కలకత్తాలో పుట్టింది. మూడున్నర లక్షల పైచిలుకు సభ్యులున్నారని చెప్పుకుంటుంది. 2022 జూన్ నాటికి దేశంలో రిజిస్టరైన అల్లోపతి డాక్టర్లు 13 లక్షలకు పైనే అని కేంద్ర ఆరోగ్యశాఖ పార్లమెంటుకు చెప్పింది. ఆ 13 లక్షల్లోనూ పోయినవాళ్ళు, అమెరికా, ఇంగ్లండ్ వెళ్ళి స్థిరపడినవాళ్ళు ఉన్నారు; అందుకే ప్రభుత్వం కూడా 80 శాతమే అందుబాటులో ఉన్నారనుకుని లెక్క వేస్తుంది. మరి ఐఎంఏ మూడున్నర లక్షల్లో ఎంత శాతం? ఆ ప్రశ్న ఒక్క ఐఎంఏని కాదు, ఏ సంఘాన్ని అడిగినా సరైన జవాబు రాదు. ఇదిలా ఉండగా 2014కు ముందు 51 వేలున్న ఎంబీబీఎస్ సీట్లు 2024 నాటికి లక్షా 12 వేలయ్యాయి. భాగించాల్సిన అంకె రెట్టింపు వేగంతో పెరుగుతోందన్నమాట.

జీవిత సభ్యత్వం ఎందుకు పెట్టుకున్నారో అర్థం చేసుకోగలం. ఏటేటా చందాల కోసం తిరగడం ప్రాణాంతకం. స్థలం కొనాలి, భవనం కట్టాలి, డబ్బు ఒక్కసారిగా కావాలి. పైగా 1990ల్లో బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వేస్తే పన్నెండు శాతం వడ్డీ వచ్చేది. ఒక సభ్యుడు 1996లో 2,000 రూపాయలు కట్టాడనుకుందాం. ఆ సొమ్ము కదపకుండా ఉంచితే ఏడాదికి 240 రూపాయలు. పత్రిక అచ్చుకూ, పోస్టు బిళ్ళకూ, గుమాస్తా జీతంలో అతని వంతుకూ ఏదోలా సరిపోయేది. ఇవాళ అదే 2,000 మీద ఆరున్నర శాతం లెక్కన వచ్చేది 130. సమావేశం రోజు అతనికి పెట్టే భోజనం ఖర్చు కూడా అందులో రాదు. చాలాచోట్ల ఆ అసలు కూడా మిగల్లేదు; పై అంతస్తు శ్లాబులోనో, ఒక రాష్ట్ర మహాసభ షామియానా ఖర్చులోనో కలిసిపోయింది.

డబ్బు సంగతి అలా ఉంచుదాం. ఏటా చందా కట్టే సభ్యుడు ఏటా ఒకసారి తీర్పు చెబుతాడు. నచ్చితే కడతాడు, లేకపోతే మానేస్తాడు. మానేసినవాళ్ళు ఎక్కువైతే కార్యవర్గానికి ఆ ఏడాదే తెలిసిపోతుంది. జీవిత సభ్యుడు మానెయ్యలేడు. విసుగొచ్చినా, మెసేజీలు చూడటం ఆపేసినా, ఊరు మారినా, వృత్తే వదిలేసినా జాబితాలో అతను ఉత్సాహవంతుడైన సభ్యుడితో సమానం. ఏడాదికోసారి తీర్పు వినే అవకాశాన్ని సంఘం ఆ 2,000 రూపాయలకు శాశ్వతంగా అమ్మేసుకుంది.

దీని ఫలితం ఏమిటో జాబితాను దగ్గరగా చూస్తే తెలుస్తుంది. ఈమధ్య ఒక రాష్ట్రస్థాయి సంఘం తన ఎక్సెల్ ఫైలు నా ముందు పెట్టింది. చక్కగా రంగులు వేసి, పై వరుస కదలకుండా బిగించిన ఫైలు. ఫోన్ నంబరు గడిలో 0866తో మొదలయ్యే విజయవాడ ల్యాండ్‌లైన్లు ఇంకా ఉన్నాయి, ఆ తీగలు పెరికేసి ఏళ్ళయినా. మొబైల్ నంబర్లను వరుసలో పేర్చమంటే ఒకే నంబరు పేజీ పొడవునా బారులు తీరింది. ఎవరిదని ఆరా తీస్తే, జిల్లా శాఖలో ఫారాలు ఎక్కించిన కుర్రాడిది. ఆ గడి నింపకపోతే సాఫ్ట్‌వేర్ ముందుకు కదలదు కాబట్టి తన నంబరు కొట్టేశాడు. అతన్ని తప్పుపట్టలేం, సాయంత్రానికి ఫారాల కట్ట పూర్తి చెయ్యమన్నారు, చేశాడు. చిరునామాల్లో వరంగల్ ఇంకా ఆంధ్రప్రదేశ్‌లోనే ఉంది. 2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయి విజయవాడ ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్ళినా, ఇక్కడ మాత్రం కృష్ణా జిల్లాను వదల్లేదు. ఇంటిపేరు పొడి అక్షరాల్లోకి కుదించిన రావులు, రెడ్లు, ప్రసాదులు ఒక్కరో ముగ్గురో తేల్చాలంటే రిజిస్ట్రేషన్ నంబరు చూడాలి. ఆ గడి చాలామందికి ఖాళీ. పెళ్ళయ్యాక ఇంటిపేరు మారిన ఆడవాళ్ళు కొందరు రెండు పేర్లతో రెండుచోట్ల ఉన్నారు. పుట్టినతేదీ తెలియనివాళ్ళందరికీ జనవరి 1 వేసేశారు. ఆ రోజు పొద్దున్నే సాఫ్ట్‌వేర్ కొత్త సంవత్సరం శుభాకాంక్షలతోపాటు పుట్టినరోజు శుభాకాంక్షలు కూడా కుప్పతెప్పలుగా పంపిస్తుంది. పోయినవాళ్ళకు కూడా.

ఆ సాఫ్ట్‌వేర్ అమ్మినవాళ్ళు నెలనెలా ఒక రిపోర్టు ఇస్తారు. పచ్చరంగు గీతలు పైకి పోతుంటాయి. మెసేజీలు పంపినవి ఇన్ని, తెరిచినవి ఇన్ని, యాప్ దింపుకున్నవాళ్ళు ఇందరు. కార్యవర్గానికి అది మార్కుల జాబితాలా కనిపిస్తుంది. అందులో ముఖ్యమైన గీత, అంటే ఈమెయిల్ తెరిచినవాళ్ళ శాతం, 2021 సెప్టెంబరు నుంచి నమ్మదగింది కాదు. ఎందుకో చెప్పాలంటే ఆ లెక్క ఎలా పుడుతుందో చెప్పాలి. ఉత్తరంలో కంటికి కనిపించని ఒక్క చుక్కంత బొమ్మ దాచిపెడతారు. చదివే మనిషి ఉత్తరం తెరిస్తే ఆ బొమ్మ సర్వరు నుంచి దిగుతుంది. దిగిందంటే తెరిచినట్టు లెక్క. ఆ సెప్టెంబరులో యాపిల్ తన మెయిల్ యాప్‌లో కొత్త ఏర్పాటు తెచ్చింది. దాన్ని ఎంచుకున్నవాళ్ళకు ఉత్తరం రాగానే మనిషి చూసినా చూడకపోయినా యాపిల్ సర్వర్లే బొమ్మలన్నీ ముందుగా దింపేస్తాయి. చదివేవాళ్ళ గుట్టు కాపాడటానికి చేసిన మంచి పని అది. మన పచ్చగీతకు మాత్రం అర్థం పోయింది. ఐఫోన్ ఉన్న సభ్యులు ఎక్కువైనకొద్దీ గీత తనంతట తానే పైకి పోతుంది. అది చూసి కొన్ని సంఘాలు పత్రిక అచ్చు మానేశాయి, అందరూ ఈమెయిల్లో చదువుతున్నారు కదా అని.

రెండో దెబ్బ 2024 ఫిబ్రవరిలో తగిలింది. పెద్దసంఖ్యలో ఉత్తరాలు పంపేవాళ్ళు తమ డొమైన్‌కు ధ్రువీకరణ రికార్డులు పెట్టుకోవాలని, ఒక్క నొక్కుతో వద్దనే వీలు ఇవ్వాలని, స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతం దాటకూడదని గూగుల్, యాహూ నిబంధన పెట్టాయి. అదే సమయంలో, జీమెయిల్ అడ్రసు పేరుతో బయటి సాఫ్ట్‌వేర్ నుంచి పంపే ఉత్తరాలను అనుమానంగా చూస్తామని గూగుల్ చెప్పింది. మన రాష్ట్ర సంఘాల్లో సొంత డొమైన్ ఉన్నవి తక్కువ. సంఘం పేరు, ఊరు పేరు కలిపి ఎప్పుడో తెరిచిన ఒక జీమెయిల్ ఖాతా ఉంటుంది, దాన్నే ఏదో బల్క్ మెయిల్ సాఫ్ట్‌వేర్‌కు తగిలిస్తారు. అలా పంపిన సర్వసభ్య సమావేశం నోటీసు చాలామందికి స్పామ్ పెట్టెలో పడుతుంది. రిపోర్టులో మాత్రం ‘డెలివర్డ్’ అని ఉంటుంది, ఎందుకంటే స్పామ్ పెట్టెలో పడటం కూడా అందినట్టే లెక్క. బైలా ప్రకారం ఇన్ని రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, ఇచ్చాం అని కార్యవర్గం అనుకుంటుంది. ఒక సభ్యుడు కోర్టుకెళితే అప్పుడు తేలుతుంది ఇచ్చిందీ లేనిదీ.

వాట్సాప్ గ్రూపుల సంగతి మీకందరికీ తెలుసు. శుభోదయాలు, సంతాపాలు, ఫార్వర్డ్‌లు. వాటిని మ్యూట్‌లో పెట్టుకోవడం సభ్యులు ఎప్పుడో నేర్చుకున్నారు.

ఇంతవరకూ చెప్పినవి చికాకులు. ఇప్పుడు చెప్పబోయేది ప్రమాదం. ఈమధ్య సంఘాలు ఎన్నికలను ఆన్‌లైన్‌కు మార్చుకుంటున్నాయి. పోస్టల్ బ్యాలెట్లు ఇల్లిల్లూ తిరిగి కట్టలుగా పోగుచేసుకునే పద్ధతి పోవాలన్న ఆలోచన మంచిదే. ఓటు వేసేవాడు సభ్యుడే అని ఎలా తెలుస్తుంది? జాబితాలో ఉన్న మొబైల్‌కు ఓటీపీ పంపిస్తారు. ఆ ఓటీపీ కొట్టినవాడే సభ్యుడు. అంటే ఓటుహక్కు మనిషి చేతిలోంచి నంబరు చేతిలోకి వెళ్ళిపోయింది. మన దేశంలో వాడకం ఆగిపోయి రద్దయిన మొబైల్ నంబరును 90 రోజులు దాటాక కంపెనీలు మరొకరికి ఇచ్చుకోవచ్చు. 2023లో టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ సుప్రీంకోర్టుకు చెప్పిన మాటే ఇది. పదేళ్ళ కిందటి నంబర్లున్న జాబితాలో ఎన్ని ఓటీపీలు ముక్కూముఖం తెలియని మనుషులకు పోతాయో ఊహించండి. వాళ్ళు దాన్ని మోసపు మెసేజీ అనుకుని తుడిచేస్తారు, అది అదృష్టం. ఇందాక చెప్పిన కుర్రాడి నంబరు సంగతి వేరు. పేజీ పొడవునా ఉన్న పేర్లకు వచ్చే ఓటీపీలన్నీ ఒకే ఫోనుకు వస్తాయి. ఆ కుర్రాడు నిజాయితీపరుడు కావచ్చు. ఆ ఫోను విలువ ఎంతో పోటీ చేసేవాళ్ళలో ఒక్కరికి తెలిసినా చాలు, ఎన్నిక అయిపోయినట్టే. ఏ హ్యాకరూ అక్కర్లేదు.

పాత బ్యాలెట్ పద్ధతిలో దొంగతనం చెయ్యాలంటే పదిమంది మనుషులు, నాలుగు కార్లు కావాలి. నలుగురి కళ్ళల్లో పడుతుంది. ఈ పద్ధతిలో ఏ చప్పుడూ ఉండదు. ఆడిట్ రిపోర్టు కూడా శుభ్రంగా వస్తుంది, ఓటీపీ సరిపోయింది కదా!

సభ్యుడికి సంఘం దూరమైనప్పుడు ఆ ఖాళీలోకి స్పాన్సర్ వస్తాడు. 1997లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ సన్‌బీమ్ అనే గృహోపకరణాల కంపెనీతో ఒప్పందం చేసుకుంది. ఇంట్లో వాడే బీపీ పరికరాల మీద, థర్మామీటర్ల మీద సంఘం ముద్ర ఉంటుంది, బదులుగా రాయల్టీ. డాక్టర్లు మండిపడ్డారు. సంఘం వెనక్కి తగ్గింది, కంపెనీ దావా వేసింది, 1998లో 99 లక్షల డాలర్లు కట్టి రాజీ చేసుకోవాల్సి వచ్చింది. ఆ కథ జరిగాక కూడా మన ఐఎంఏ 2008లో పెప్సీకోతో ఒప్పందం చేసుకుంది, ట్రాపికానా పళ్ళరసం మీద, క్వేకర్ ఓట్స్ మీద తన గుర్తు వేసుకోనిస్తూ. 2010లో భారత వైద్య మండలి అది వృత్తి నియమాల ఉల్లంఘన అని తేల్చి, సంఘం పెద్దల పేర్లు ఆరు నెలలపాటు రిజిస్టరులోంచి తొలగించాలని నిర్ణయించింది. ఈ రెండు నిర్ణయాలూ దుర్మార్గులు చేసినవని నేననుకోను. చందా మీద బతకని సంఘానికి అమ్ముకోవడానికి మిగిలేవి రెండే: తన పేరు, తన సభ్యుల పేర్లు.

రెండోదాని కథ ఇంకా మెత్తగా సాగింది. అమెరికన్ మెడికల్ అసోసియేషన్ దగ్గర ఆ దేశపు డాక్టర్లందరి వివరాలూ ఉన్న మాస్టర్‌ఫైల్ ఉంది, సభ్యులైనా కాకపోయినా. దాన్ని డేటా కంపెనీలకు అద్దెకిచ్చేది. వాళ్ళు మందుల దుకాణాల రికార్డులతో జోడించి ఏ డాక్టరు ఏ మందు ఎంత రాస్తున్నాడో మందుల కంపెనీల రిప్రజెంటేటివ్‌ల చేతిలో పెట్టేవాళ్ళు. 2005లో డేటాబేస్ అమ్మకాల మీద ఆ సంఘానికి 4.4 కోట్ల డాలర్లకు పైగా వచ్చింది. చాలామంది డాక్టర్లకు తమ మీద ఇలాంటి లెక్క ఒకటి నడుస్తోందనే తెలియదు. గొడవయ్యాక 2006లో వద్దన్నవాళ్ళ వివరాలు రిప్రజెంటేటివ్‌లకు చేరకుండా చూస్తామన్నారు. మన దగ్గర ఇంత పద్ధతిగా జరగదు. మహాసభ స్టాల్‌కు డబ్బు కట్టిన కంపెనీకి సభ్యుల ఎక్సెల్ ఫైలు పెన్‌డ్రైవ్‌లో వెళ్ళిపోతుంది, రసీదు కూడా ఉండదు. 2024 మార్చిలో కేంద్రం తెచ్చిన ఔషధ మార్కెటింగ్ నియమావళి వైద్య విద్యా కార్యక్రమాలు విదేశాల్లో పెట్టకూడదంది, స్వదేశంలో పెట్టినవాటి ఖర్చు కంపెనీలు బయటపెట్టాలంది. స్టాళ్ళ మీద ఆధారపడిన సంఘాలకు అది ఇబ్బందే. ఇబ్బందిలో ఉన్నప్పుడే పెన్‌డ్రైవ్‌లు కదులుతాయి.

సాంకేతికం తెలిసినవాళ్ళ చేతుల్లో ఉంటే జాబితా భద్రంగా ఉంటుందనుకోవడం కూడా భ్రమే. ప్రపంచంలోకెల్లా పెద్ద ఇంజనీర్ల సంఘం ఐఈఈఈ. కంప్యూటర్ భద్రత మీద ప్రమాణాలు రాసేదీ, సదస్సులు పెట్టేదీ వాళ్ళే. 2012 సెప్టెంబరులో దాని సర్వరు ఒకదానిలో దాదాపు లక్షమంది సభ్యుల యూజర్ పేర్లు, పాస్‌వర్డులు ఏ రహస్య లిపీ లేకుండా, ఎవరైనా చదువుకునేలా పడి ఉన్నాయని రదు ద్రగుసిన్ అనే రుమేనియా పరిశోధకుడు కనిపెట్టాడు. కనీసం ఒక నెలపాటు అలా ఉన్నాయి. సభ్యుల్లో గూగుల్, యాపిల్, నాసా ఉద్యోగులున్నారు. ఇంజనీర్లంతా కలిసి ఎక్కువగా ఎంచుకున్న పాస్‌వర్డు 123456.

బయటి కంపెనీకి అప్పగించేస్తే నిశ్చింత అనుకునేవాళ్ళకు బ్లాక్‌బాడ్ సంగతి చెబుతాను. లాభాపేక్ష లేని సంస్థలకు సభ్యుల, దాతల రికార్డులు నడిపే అమెరికా కంపెనీ అది. 2020లో దొంగలు అందులో చొరబడి నెలల తరబడి తిరిగారు. 13,000 సంస్థల సమాచారం పోయింది. మేలో కనిపెట్టి, జూలైలో గాని ఖాతాదారులకు చెప్పలేదు. మొదట బ్యాంకు వివరాలు పోలేదన్నారు, తర్వాత కొన్ని పోయాయన్నారు. కంపెనీని వదిలేసి వెళ్ళిపోయిన పాత ఖాతాదారుల డేటా కూడా ఏళ్ళ తరబడి ఉంచుకుందని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించింది. 2023లో రాష్ట్రాలతో రాజీకి 4.95 కోట్ల డాలర్లు కట్టింది. కట్టింది కంపెనీయే గాని, సభ్యులకు క్షమాపణ ఉత్తరాలు రాసుకున్నది మాత్రం ఆ సంఘాలే.

మన దేశంలో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023 ఆగస్టులో వచ్చింది, నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ముఖ్యమైన బాధ్యతలు ఆ తర్వాత 18 నెలలకు, అంటే 2027 మేలో అమల్లోకి వస్తాయి. భద్రత చూసుకోకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉండొచ్చు. అంత పెద్ద అంకె చూసి మనలాంటి చిన్న సంఘానికి వర్తించదులే అని కార్యదర్శులు తీసిపారేస్తున్నారు. సంఘం చిన్నదైనంత మాత్రాన చట్టం బయట ఉండదు. నన్ను కలవరపెట్టేది జరిమానాకన్నా చట్టంలోని ఒక చిన్న నిబంధన: ఒక మనిషి మీద ప్రభావం చూపే నిర్ణయానికి వాడే సమాచారం పూర్తిగా, సరిగ్గా ఉండాలి. ఓటర్ల జాబితాకన్నా అలాంటి సమాచారం ఇంకేముంటుంది? ఇక ఆ జాబితా ఇప్పుడెక్కడుందని అడగండి. ఒక కాపీ ఆఫీసులో, ఒకటి మాజీ కార్యదర్శి ల్యాప్‌టాప్‌లో, ఒకటి ఆయన ముందటి కార్యదర్శి గూగుల్ డ్రైవ్‌లో, ఒకటి మహాసభ బ్యాడ్జీలు అచ్చేసిన ప్రింటింగ్ ప్రెస్‌లో. ఆధార్ జెరాక్సుతో, సంతకంతో సహా.

ఈ మధ్యలో కుర్రాళ్ళు ఏం చేస్తున్నారు? వృత్తిలోకి కొత్తగా వచ్చేవాళ్ళు సంఘం గుమ్మం తొక్కడానికి ఒకప్పుడు కారణాలు ఉండేవి: పత్రిక, సదస్సు, పెద్దల పరిచయం, ఉద్యోగాల కబుర్లు. పబ్‌మెడ్ 1997 నుంచి అందరికీ ఉచితం. కంప్యూటర్ శాస్త్రవేత్తల సంఘం ఏసీఎం 2026 జనవరి నుంచి తన పరిశోధన పత్రాలన్నీ అందరికీ తెరిచి ఇస్తోంది. నిన్నటిదాకా సభ్యత్వానికి పెద్ద ఆకర్షణల్లో అదొకటి. అది మంచి నిర్ణయమే. ఆ సంఘం ఇకమీద సభ్యుణ్ణి ఎందుకు చేరమంటుందో కొత్తగా చెప్పుకోవాలి, ఆ ఇబ్బందిని తెలిసే నెత్తికెత్తుకుంది. మన దగ్గర డాక్టర్లకు మిగిలిన పట్టు ఒకటే, 2002 నాటి నియమాల్లో ఉన్న అయిదేళ్ళకు 30 గంటల నిరంతర వైద్య విద్య. ఆ గంటల కోసం హాలుకు వచ్చినవాళ్ళ హాజరు చూపించి సభ్యులు చురుగ్గా ఉన్నారనడం, రేషన్ దుకాణం ముందు వరుస చూసి దుకాణదారు మీద ప్రేమ అనుకోవడమే.

నిజమైన కదలిక ఎక్కడుందో 2024 ఆగస్టులో చూశాం. కోల్‌కతా ఆర్‌జీ కర్ ఆస్పత్రిలో జూనియర్ డాక్టరు హత్యాచారం తర్వాత దేశమంతటా విధులు బహిష్కరించి రోడ్డు మీద నిలబడ్డవాళ్ళు రెసిడెంట్ డాక్టర్ల సంఘాలవాళ్ళు. మన హైదరాబాద్‌లో, విజయవాడలో, విశాఖలో జూడాలు, అంటే జూనియర్ డాక్టర్ల సంఘాలవాళ్ళు. ఐఎంఏ ఆగస్టు 17న 24 గంటల సమ్మె పిలుపు ఇచ్చింది, అది దేశవ్యాప్తంగా జరిగింది కూడా. వరుస మాత్రం గమనించాలి: కుర్రాళ్ళు ముందు కదిలారు, పెద్ద సంఘం వెనక వచ్చింది. జూడాలకు భవనం లేదు, జీవిత సభ్యత్వం లేదు, యాప్ లేదు. పీజీ బ్యాచ్‌లు మారుతూ ఉండటంతో వాళ్ళ సభ్యుల జాబితా మూడేళ్ళకోసారి దానంతటదే కొత్తదవుతుంది.

నన్ను సలహా అడిగిన సంఘాలకు నేను చెప్పేది చిన్న పని. జాబితాలో అందరికీ వరుస నంబర్లు వేసి, చీట్లు తీసినట్టు వందమందిని ఎంచుకోవాలి. తెలిసినవాళ్ళను కాదు, సమావేశాలకు వచ్చేవాళ్ళను కాదు, చీటీలో వచ్చినవాళ్ళనే. ప్రతి ఒక్కరికీ మనిషి ఫోన్ చెయ్యాలి. ఎత్తకపోతే వేర్వేరు వేళల్లో ఇంకో రెండుసార్లు. అడగాల్సినవి మూడే: మీరేనా, ఎక్కడ పనిచేస్తున్నారు, గత ఏడాదిలో సంఘం నుంచి మీకు పనికొచ్చింది ఏదైనా గుర్తుందా. ఎత్తనివాళ్ళను, తప్పు నంబర్లను, పోయినవాళ్ళను వదిలెయ్యకుండా లెక్కలో ఉంచాలి. అసలు సమాచారం వాళ్ళ దగ్గరే ఉంది. వందలో అరవైమంది దొరికితే మొత్తం జాబితాలో దొరికేవాళ్ళు యాభై నుంచి డెబ్బై శాతం మధ్య ఉంటారని చెప్పొచ్చు. జాబితా పదివేలదైనా లక్షదైనా ఆ అంచనా అలాగే ఉంటుంది. గణాంకశాస్త్రంలో అది పాత సంగతి.

మూడో ప్రశ్నకు జవాబులు రాసుకునేటప్పుడు కార్యవర్గ సభ్యులు ఎవరూ దగ్గర ఉండకూడదని మాత్రం పట్టుబడతాను. ఉంటే సభ్యుడు మర్యాదకు ఏదో ఒకటి చెబుతాడు.

ఇద్దరు మనుషులు, రెండు ఫోన్లు, ఒక వారం సాయంత్రాలు చాలు. ఇది చేసిన సంఘాల్లో ఒకటి యాప్ కొనే ఆలోచన మానుకుంది. ఇంకొకటి కొన్నది గాని, ఆన్‌లైన్ ఎన్నికను ఆరు నెలలు వాయిదా వేసి, జిల్లా శాఖలకు సభ్యుల పేర్లు పంచి, ఒక్కొక్కరి నంబరూ మనిషి చేత సరిచూపించింది. అలా సరిచూశాక వాళ్ళ సభ్యుల సంఖ్య తగ్గింది. ఆ తగ్గిన అంకెనే నివేదికలో వెయ్యాలా వద్దా అని కార్యవర్గం ఒక పూటంతా వాదించుకుంది. చివరికి వేశారు.